వంక నీళ్లకు సాక్ష్యం ఎవరు చెప్పాలి?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మామిడి సీజను మొదలైన నాటి నుంచి మీ చిత్తూరు, తిరుపతి జిల్లాల పేజీల్లో రెండు మూడు రోజులకొకసారి ఒకే తరహా వార్త కనిపిస్తోంది. ఫలానా ఊరి వంకలో నురగ, ఫలానా బోరులో రంగు మారిన నీళ్లు, రైతుల ఆందోళన, అధికారుల పరిశీలన, చర్యలు తీసుకుంటామన్న హామీ. వాటిని చదివిన పాఠకులు కఠినమైన కొత్త చట్టం తేవాలని మీకు ఉత్తరాలు రాస్తున్నారు. రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు(ఆర్‌ఐ)గా ఊళ్లు తిరిగి, డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ని కనుక, ఆ ఉత్తరాలు చూసినప్పుడల్లా నాకు నోరు విప్పాలనిపిస్తోంది. చట్టాలకు మనకు కొదవ లేదు. ఉన్న చట్టం ఏ కాగితం మీద నడుస్తుందో, ఏ కాగితం దగ్గర ఆగిపోతుందో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. చెప్పనివాళ్లలో నేనూ చాలాకాలం ఉన్నాను.

ఈ చట్టాల వయసు పెద్దదేమీ కాదు. 1972 జూన్‌లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి నిర్వహించిన సదస్సుకు ఇందిరాగాంధీ స్వయంగా వెళ్లి వచ్చారు. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1974లో నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం వచ్చాయి. నీరు రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి కొన్ని రాష్ట్రాలు తీర్మానాలు చేసి కోరిన మీదటే పార్లమెంటు ఆ రెండో చట్టం చేయగలిగింది. ఈ చిన్న సంగతికి ఇప్పటికీ ప్రాణముంది; కిందికి వచ్చాక మళ్లీ చెబుతాను. 1976లో 42వ సవరణ పర్యావరణాన్ని కాపాడే బాధ్యతను 48ఎ అధికరణంలో ప్రభుత్వానికి, 51ఎ అధికరణంలో పౌరుడికి అప్పగించింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం, 1981లో గాలి కాలుష్యంపై చట్టం వచ్చాయి. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగితేగాని అన్నింటినీ కలిపి చూసే చట్టం ఒకటి కావాలన్న స్పృహ కలగలేదు. అదే 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. మనం నిత్యం వినే నిబంధనలు, ఘన వ్యర్థాలవైనా, ప్లాస్టిక్‌వైనా, రాత్రి పది దాటాక మైకులు మోగించరాదన్నవైనా, ఈ చట్టం గొడుగు కింద పుట్టినవే.

ఇక అమలు సంగతి. నీరు, గాలి చట్టాల కింద పరిశ్రమ పెట్టేవాడు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రెండు అనుమతులు తీసుకోవాలి. పునాది తవ్వకముందు ఒకటి, యంత్రం తిప్పకముందు ఒకటి. పారిశ్రామికవేత్తల నోట వీటి పేర్లు సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ. కాలుష్య భారాన్ని బట్టి పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వర్గాలుగా విభజించారు. నీటి చట్టంలో ఒక విచిత్రమైన నియమం ఉంది. దరఖాస్తు అందిన నాలుగు నెలల్లో మండలి ఇస్తామనో, ఇవ్వమనో చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క, అదీ ఏ షరతూ లేకుండా. ఊళ్లో ఇంటి పట్టా కోసం నాలుగేళ్లు తిరిగినవాళ్లు ఈ నియమాన్ని చదివితే ఏమంటారో నేను రాయలేను. అయితే మామూలుగా అనుమతి షరతులతోనే వస్తుంది. రోజుకు ఎంత నీరు వాడాలి, ఎంత మురుగు రావచ్చు, దాన్ని ఎక్కడ శుద్ధి చేయాలి, శుద్ధి చేశాక ఎక్కడికి వదలాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. చట్టం అసలు బలమంతా ఆ నాలుగైదు పేజీల్లోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన తీరు చెబుతాను.

మా అత్తగారి ఊరు చిత్తూరు జిల్లాలోని ఒక పల్లె. ఊరికి ఎగువన ఒక జ్యూస్ ఫ్యాక్టరీ ఉంది. పేరు ఇక్కడ అనవసరం. తోతాపురి కాయల లారీలు బారులు తీరే ఆ రెండు నెలల్లో కాయలు కడిగిన నీరు, గచ్చు కడిగిన నీరు, తొక్కల నుంచి, టెంకల నుంచి ఊరిన రసం అన్నీ కలిసి వస్తాయి. అందులో విషమేమీ ఉండదని ఫ్యాక్టరీవాళ్లు అనేది నిజమే. విషం లేకపోయినా ఆ తీపి నీరు వంకలో పడగానే పులుస్తుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువునంతా తాగేస్తాయి. చేపలు తేలిపోతాయి, నీరు నల్లబడి కంపు కొడుతుంది. ఈ దాహాన్ని కొలిచే లెక్కనే బీఓడీ అంటారు. సాధారణ ప్రమాణాల ప్రకారం వాగులు, వంకలు, చెరువుల్లోకి వదిలే నీటిలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు, సాగు కోసం నేల మీద పారించే నీటిలో 100 మిల్లీగ్రాములు దాటకూడదు.

రెండేళ్ల కిందట జూన్ నెలాఖరులో ఒక తెల్లవారుజామున నా బావమరిది పాలు పితకడానికి పోతూ వంకలో నురగ చూసి, లీటరు నీళ్ల సీసా నిండా ఆ నీళ్లు పట్టి, బిరడా బిగించి, నన్ను వెంటబెట్టుకొని కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు వచ్చాడు. అక్కడి ఇంజనీరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ తెప్పించి, సీసాను మాత్రం ముట్టుకోలేదు. 'దీన్ని నేను తీసుకొని పరీక్ష చేయించినా, ఇది మీ వంక నీళ్లేనని రేపు ఎవరికి ఎట్లా రుజువు చేసేది?' అన్నారు. 'అయితే వంకను మోసుకొని రమ్మంటారా సార్?' అన్నాడు మా బావమరిది. అందరమూ నవ్వాము గానీ ఆయన చెప్పింది చట్టమే. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనా తీసే అధికారి అక్కడికక్కడే పరిశ్రమ బాధ్యుడికి నోటీసు ఇవ్వాలి, అతని సమక్షంలో నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలు వేయాలి, దాని మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. బాధ్యుడు కావాలని తప్పించుకుంటే ఏం చేయాలో కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఈ తంతు పాటించకుండా తీసిన నీటిపై వచ్చిన ఫలితం సాక్ష్యంగా నిలవదు. నమూనాను చల్లగా ఉంచి త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. బీఓడీ తేలడానికి 27 డిగ్రీల వేడిమిలో మూడు రోజులు పడుతుంది.

మండలివాళ్లు తనిఖీకి వచ్చింది రెండు రోజుల తర్వాత, పగలు పదకొండు గంటలకు. అప్పటికి వంకలో నీళ్లు తేటబడ్డాయి. ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. ముందుగా కబురు పెట్టి రావాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. ఏ సమయంలోనైనా ఆవరణలోకి ప్రవేశించే హక్కు 23వ సెక్షన్ ఇచ్చింది. నోటీసు నమూనా తీసేటప్పుడు ఇస్తే చాలు. రాత్రి రెండు గంటలకు వదిలే నీటిని రాత్రి రెండు గంటలకే పట్టుకోవడానికి చట్టం అడ్డు కాదు. అడ్డమల్లా ఒక ఇంజనీరు, ఒక వాహనం, ఆయన ఒక్కడి నెత్తిన పడ్డ గ్రానైట్ యూనిట్లు, క్రషర్లు, ఆసుపత్రుల వ్యర్థాలు, మున్సిపాలిటీల మురుగు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇసుక ట్రాక్టర్ల కోసం స్వర్ణముఖి ఒడ్డున రాత్రిళ్లు కాపు కాసినవాణ్ని. మరుసటి ఉదయం మళ్లీ ఆఫీసులో కూర్చోవాలంటే ఒళ్లు ఎట్లా ఉంటుందో తెలుసు. అందుకే ఆ ఇంజనీరు మీద నాకు కోపం లేదు. అమలు చేసే చేతులు పెంచకుండా ఏటా నిబంధనలు పెంచుకుంటూ పోయే తీరు మీద ఉంది.

పరిశ్రమ మీద నేరుగా కోర్టుకు పోదామని మా ఊరి కుర్రాళ్లు అన్నారు. నీటి చట్టంలోనూ, 1986 చట్టంలోనూ సామాన్యుడు నేరుగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయడానికి దారి పెట్టారు. దానికి ముందు అధికారులకు 60 రోజులకు తగ్గకుండా నోటీసు ఇవ్వాలి. మామిడి సీజను మొత్తం దాదాపు అంతే. నోటీసు గడువు తీరేసరికి బాయిలరు చల్లారి, కూలీలు ఇళ్లకు వెళ్లిపోయి, గేటుకు తాళం పడి ఉంటుంది. ఏడాది పొడవునా పొగ వదిలే కార్ఖానాను మనసులో పెట్టుకొని రాసిన నియమం రెండు నెలల పరిశ్రమకు పొసగదు.

చివరికి మాకు పనికొచ్చింది నీటి చట్టం 25వ సెక్షన్‌లోని ఆరో ఉపవిభాగం. మండలి తానిచ్చిన అనుమతుల షరతులతో ఒక రిజిస్టరు నిర్వహించాలి, ఆ మురుగు వల్ల నష్టపోయేవారు గానీ, దానితో సంబంధం ఉన్నవారు గానీ అడిగితే తగిన వేళల్లో చూపించాలి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కన్నా మూడు దశాబ్దాల ముందు నుంచి ఈ హక్కు మనకుంది! నేను అర్జీ పెట్టి ఆ కాగితాలు చూశాను. అందులో ఒక షరతు దగ్గర నా కన్ను ఆగింది: మురుగు శుద్ధి కేంద్రానికి, అంటే ఈటీపీకి, వేరుగా కరెంటు మీటరు పెట్టాలి, రోజువారీ రీడింగు పుస్తకంలో రాయాలి. చాలా అనుమతుల్లో ఉండే మామూలు షరతే ఇది. మురుగులోకి గాలి ఊదే మోటార్లు తిరిగితే మీటరు తిరుగుతుంది, తిరగకపోతే లేదు. నీటి నమూనా రెండు రోజుల్లో మాయమవుతుంది గానీ మీటరు అంకె ఎక్కడికీ పోదు. మేము మళ్లీ ఫిర్యాదు రాశాము. ఈసారి నురగ, కంపు, ఆందోళన అన్న మాటలు లేవు. ఫలానా తేదీ ఉత్తర్వులోని ఫలానా షరతు కింద ఉన్న మీటరు రీడింగునూ, అదే రోజుల్లో పరిశ్రమ ఆడించిన కాయల టన్నులనూ తనిఖీ నివేదికలో నమోదు చేయాలని కోరాము. నమోదు చేశారు. కాయలు జోరుగా ఆడిన పదకొండు రోజుల్లో ఈటీపీ మీటరు దాదాపు కదలలేదు. యాజమాన్యాన్ని విచారణకు పిలిచారు, బ్యాంకు గ్యారంటీ కట్టించుకున్నారు, గడువు పెట్టారు. అప్పటికి ఆ ఏడు కాయ అయిపోయింది. నిరుడు వంకలో నురగ పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. అంతకు మించి గొప్ప చెప్పుకోను.

శిక్షల గురించి పాఠకులు తరచూ అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. 1986 చట్టంలో మొదట ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉండేవి. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం ఆ జైలును తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టి, దాన్ని నిర్ణయించే అధికారిని నియమించే పద్ధతి తెచ్చింది. గాలి చట్టానికీ అదే వర్తించింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నీటి చట్టానికి 2024లో ఇలాంటి సవరణే చేశారు. అయితే పైన చెప్పినట్టు నీరు రాష్ట్రాల అంశం కావడంతో, శాసనసభ తీర్మానం చేసి స్వీకరించిన రాష్ట్రంలోనే ఆ సవరణ చెల్లుతుంది. జైలు పోయిందని బాధపడేవారిలో నేను లేను. ఏళ్ల తరబడి సాగి నీరుగారే క్రిమినల్ కేసు కన్నా త్వరగా పడే జరిమానా మేలు. నా అభ్యంతరమల్లా కింది హద్దు మీద. 2025 సీజనులో ప్రభుత్వం తోతాపురికి ఇప్పించిన ధర సబ్సిడీతో కలిపి కిలో 12 రూపాయలు. అంత గిట్టుబాటు కాని ధరకు చూసినా టన్ను కాయల విలువ 12 వేలు. కనిష్ఠ జరిమానా ఒక టన్ను కాయలకు కూడా సరిపోదు.

ఇక్కడ ఆదుకునేది జరిమానా కాదు, పరిహారం. కాలుష్యం చేసినవాడే దాన్ని బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం దేశంలో స్థిరపడటంలో మన పక్క జిల్లా వేలూరుకూ పాత్ర ఉందని చాలామందికి తెలియదు. కర్ణాటకలో పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి దిగే పాలారు నది ఒడ్డున తోళ్ల శుద్ధి కర్మాగారాలు వదిలిన మురుగు వేల హెక్టార్ల పొలాలను చెడగొట్టిన కేసు అది. మన చిత్తూరు పట్టణం మీదుగా పోయే నీవా నది పొన్నై పేరుతో కలిసేది కూడా ఆ పాలారులోనే. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ వేలూరు కేసులో తీర్పు ఇస్తూ, కాలుష్య కారకుడే చెల్లించాలన్న సూత్రమూ, హాని జరుగుతుందన్న అనుమానం ఉంటే రుజువు కోసం వేచి చూడకుండా ముందే జాగ్రత్త పడాలన్న సూత్రమూ మన చట్టంలో భాగమేనని ప్రకటించింది. 1999లో మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కక్షిదారుగా ఉన్న హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల కేసులో మరో అడుగు వేసి, హాని లేదని రుజువు చేసుకోవలసిన భారం పరిశ్రమ పెట్టేవాడిదేనని వివరించింది. 2025 ఆగస్టులో వచ్చిన మరో తీర్పు, నీరు, గాలి చట్టాల కింద ఇలాంటి పరిహారం విధించే అధికారం కాలుష్య నియంత్రణ మండళ్లకూ ఉందని తేల్చింది. మూతపడతామన్న భయం కన్నా లెక్కగట్టి వసూలు చేస్తారన్న భయమే యాజమాన్యాలను కదిలిస్తుందని నా అనుభవం.

పరిశ్రమల మీద ఇంత రాసి మా శాఖను వదిలేస్తే అన్యాయమవుతుంది. తిరుపతివాళ్లు ఒక తీర్పును గుర్తుపెట్టుకోవాలి. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటివని చెప్పే అవిలాల, పేరూరు చెరువుల కేసు అది. పేరూరు చెరువులో 150 ఎకరాలను 1991లో తిరుమల తిరుపతి దేవస్థానానికి ఇళ్ల నిర్మాణం కోసం, అవిలాల చెరువులో 90 ఎకరాలను 1994లో గృహనిర్మాణ మండలికి ప్రభుత్వం బదలాయించింది. తిరుపతికి చెందిన మేధావుల వేదిక హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006 ఫిబ్రవరి 23న జస్టిస్ రుమాపాల్, జస్టిస్ ఎ.ఆర్. లక్ష్మణన్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. చెరువు వంటి ప్రకృతి వనరుకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనన్నది ఆ తీర్పుకు మూలకందం. ధర్మకర్త అన్న మాట తిరుపతిలో ఎవరికీ కొత్త కాదు గదా!

ఆ తీర్పులో నాకు నచ్చింది మాత్రం సూత్రం కన్నా వివరం. కట్టేసిన ఇళ్లను కూల్చమనలేదు. ఇక ఒక్క కట్టడం కూడా లేవకూడదన్నారు. పేరూరుకు నీరు తెచ్చే బోడెద్దుల వంకను శుభ్రం చేసి మళ్లీ పారించాలన్నారు. ఊట చెరువు కనీసం 50 ఎకరాలు ఉండాలన్నారు. స్వర్ణముఖి నుంచి వచ్చే పాత కాలువను పునరుద్ధరించే వీలుందా, ఎంత ఖర్చవుతుందో చూసి చెప్పమన్నారు. అవిలాలలో ప్రభుత్వం కోసం ఉంచిన 40 ఎకరాల్లో నిర్మాణాలు చేయకుండా నీరు ఇంకించడానికే వాడాలన్నారు. ప్రతి ఇంటి మీద కురిసిన వాననూ ఒడిసిపట్టాలని, ఆ ప్రాంతంలో ఏ అవసరానికీ బోరు వేయకూడదని ఆదేశించారు. ఢిల్లీలో కూర్చొని మన వంక పేరు రాసి మరీ చెప్పిన తీర్పు అది. తిరుపతిలో ఇల్లు కొనేవాళ్లలో ఎంతమంది ఈ ఆదేశాలు చదివి కొంటున్నారో, అనుమతులిచ్చే బల్లల మీద ఆ తీర్పు ప్రతి ఉందో లేదో మీ విలేకరులు ఒకసారి వాకబు చేస్తే బాగుంటుంది. 2021 నవంబరు వర్షాలకు తిరుపతి కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు, నీటికి దాని దారి గుర్తుంది, మనకే లేదనిపించింది.

ఆ రెండు చెరువుల ఫైళ్లు నా చేతి మీదుగా పోలేదు. అలాంటిదే ఇంకో చెరువు ఫైలు మాత్రం, నేను ఆర్‌ఐగా ఉన్న మండలంలో, నా చేతి మీదుగానే పోయింది. చెరువుకు కొన్నేళ్లుగా నీరు చేరడం లేదు, ఆయకట్టు సాగులో లేదు, మరవ, అంటే అలుగు, పారడం లేదు కాబట్టి భూమిని ఇతర ప్రజావసరాలకు వాడుకోవచ్చునని నివేదిక. మూడు వాక్యాలూ నిజమే. నీరు ఎందుకు చేరడం లేదో రాయడానికి ఆ నమూనాలో గడి లేదు. ఎగువన వంకను పూడ్చి ఎవరో మామిడి తోట వేశారని నాకు తెలుసు. అడగలేదు కాబట్టి రాయలేదు. ఆ సంతకం నాదే.

రెవెన్యూవాళ్లకు అధికారం లేదని అనడానికి వీల్లేదు. బోర్లు, చెట్లు, ఇసుక విషయంలో 2002 నాటి నీరు, నేల, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా, ఉంది. ప్రజలకు బాధ కలిగించే మురుగునూ, కంపునూ తొలగించమని ఆదేశించే అధికారం ఆర్డీవోకు పాత నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్పీసీ) 133వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై నుంచి అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ అయింది. డబ్బు లేదు కాబట్టి మురుగు కాలువలు కట్టలేమని మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ మొర పెట్టుకుంటే, 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకును తోసిపుచ్చింది ఈ సెక్షన్ ఆధారంగానే. ఈ అధికారాన్ని దారి తగాదాలకు వాడినంతగా మురుగుకు వాడటం నేను నా సర్వీసులో చూడలేదు.

కింద ఎక్కడా పని జరగకపోతే 2010లో ఏర్పడిన జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉంది. మన రాష్ట్రం చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తుంది. చిత్తూరు, తిరుపతివాళ్లకు అది విజయవాడ కన్నా దగ్గరే. నష్టపరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1000 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. కాకపోతే ట్రైబ్యునల్ భాష ఇంగ్లీషు. గడువులు కచ్చితం: వివాదం తలెత్తిన ఆరు నెలల్లోపు దరఖాస్తు, పరిహారానికైతే ఐదేళ్లలోపు, పర్యావరణ అనుమతిపై అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే ప్రతి దానికీ మరో 60 రోజులు. ఆలస్యంగా నిద్ర లేచినవారికి అక్కడ చోటు లేదు. ఇంకొక పరిమితి: ఈ ట్రైబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో వన్యప్రాణి చట్టం లేదు. శేషాచలం ఎర్రచందనం దుంగల కేసులను, కౌండిన్య అడవి నుంచి దిగే ఏనుగులకు సంబంధించిన నేరాలను అక్కడికి తీసుకుపోదామని కొందరు అనుకుంటారు. వాటి దారి క్రిమినల్ కోర్టులే.

అప్పీలు గడువు అన్నాను కనుక మీ పత్రికతో నేరుగా సంబంధమున్న ఒక విషయం మనవి చేస్తాను. పెద్ద క్వారీలు, భారీ ప్రాజెక్టులకు 2006 సెప్టెంబరు నాటి నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. అది ఇచ్చేముందు చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన రావాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. నేను ఇలాంటి సభలకు షామియానా వేయించాను, కుర్చీలు లెక్కపెట్టాను, భోజనాలు పంచాను. ఆ తెలుగు సారాంశాన్ని చేతిలో పట్టుకొని ప్రశ్న అడిగిన రైతును ఒక్కణ్ని కూడా చూడలేదు. తప్పు రైతుది కాదు. ఆ తెలుగు నాకే అర్థమయ్యేది కాదు. అనుమతి వచ్చాక కూడా ఏడు రోజుల్లోపు రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. అందులో ఒకటి స్థానిక భాషది కావాలి. ఈ ప్రకటన గానీ, ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టడం గానీ, ఏది ముందైతే ఆ నాటి నుంచే ఊరివాళ్లకు అప్పీలు గడియారం తిరగడం మొదలవుతుంది. మరి ఆ ప్రకటన ఎక్కడ వస్తోంది? టెండర్లకూ, పేర్ల మార్పులకూ మధ్య, భూతద్దం పెడితేగాని కనిపించని అక్షరాల్లో. డబ్బు తీసుకొని వేసే ప్రకటన సైజు మీ చేతిలో ఉండదని నాకు తెలుసు. కానీ మరునాడు జిల్లా పేజీలో, ఫలానా మండలంలో ఫలానా ప్రాజెక్టుకు అనుమతి వచ్చింది, అప్పీలుకు చివరి తేదీ ఇది అని రెండు వరుసల వార్త వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జిల్లా యంత్రాంగానికి కూడా మీ ద్వారా ఒక విన్నపం. ప్రతి పరిశ్రమకు ఇచ్చిన అనుమతి ఉత్తర్వులోని ముఖ్య షరతులను, ఎంత నీరు, ఎక్కడికి, ఏ మీటరు, ఎప్పటిదాకా గడువు అన్న నాలుగు సంగతులను, మామూలు తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. కొత్త నియామకాలు, కొత్త నిధులు కావాలని నేను కోరడం లేదు, అవి వచ్చేసరికి నేను ఉంటానో ఉండనో. ఇది మాత్రం ఒక కాగితం, కాస్త మైదా జిగురు ఖర్చు.

మా బావమరిది ఇప్పుడు సీసాలు పట్టడం మానేశాడు. పాల లెక్క రాసుకునే నోటుబుక్కు వెనక పేజీల్లో వంకలో కంపు వచ్చిన తేదీ, వేళ, గాలి ఎటు నుంచి వీచిందీ రాస్తున్నాడు. ఈ సీజనులో ఇప్పటికి తొమ్మిది నమోదులు ఉన్నాయి. అందులో ఏడు అర్ధరాత్రి దాటిన తర్వాతివే. ఆ పేజీల నకళ్లు జతచేసి, రాత్రి వేళ తనిఖీ కోరుతూ పోయిన వారం మళ్లీ ఫిర్యాదు పంపాము. 25వ సెక్షన్ కింద అనుమతి షరతుల రిజిస్టరు చూపమని కోరే అర్జీ నమూనాను ఈ లేఖతో పంపుతున్నాను. చోటు తక్కువైతే నా లేఖలో ఏ భాగం తీసేసినా ఫరవాలేదు గానీ ఆ అర్జీని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
తిరుపతి